ఉచిత పాఠానికి మూడు తాళాలు

ఆన్‌లైన్ చదువు ప్రారంభించిన రెండు నెలల్లో త్రినగర విశ్వవిద్యాలయంలో ఒక్క దుర్వినియోగం కూడా జరగలేదని, ఆ పాఠాల్లోకి అనధికార వ్యక్తులెవరూ చొరబడలేదని, ఆ మాటకొస్తే అధికారం ఉన్నవాళ్లు కూడా చొరబడలేదని ఉపకులపతి ఆచార్య మురళీధర్ గారు సగర్వంగా ప్రకటించారు. ఈ ఘనతను గుర్తించి హైదరాబాదులోని ఓ హోటల్లో ఆయనకు 'డిజిటల్ విద్యారక్షక' అనే బిరుదిచ్చి శాలువా కప్పారు. కోదాడలో వృక్షశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ కల్పన ఆ సన్మానాన్ని ఫోన్లో చూసింది. ఆయన రక్షించినవి తాను తయారుచేసిన పాఠాలే. ఎవరి నుంచి రక్షించారయ్యా అంటే, తన విద్యార్థుల నుంచి. నవ్వాలో ఏడవాలో తేలక ఆమె ఓ కప్పు టీ తాగి ఊరుకుంది.

ఈ విశ్వవిద్యాలయం పుట్టుక గురించి తెలియనివారికి రెండు మాటలు. అది మాకే కావాలని మూడు ఊళ్లూ ఒకే వారంలో పట్టుపట్టాయి. సూర్యాపేటలో దుకాణాలు మూశారు, మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఆపారు, కోదాడలో హైవే మీద వంటావార్పు పెట్టారు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని ప్రభుత్వం దాన్ని మూడు ముక్కలు చేసి పంచింది. ఉపకులపతినీ ఆయన కారునూ సూర్యాపేటకిచ్చారు. పరీక్షల విభాగాన్ని మిర్యాలగూడకిచ్చారు. ఇక పంచడానికి ఏమీ మిగలకపోతే కోదాడకు ఒక కంప్యూటర్ గది, అందులో ఒక ఏసీ ఇచ్చారు. అప్పటినుంచి పేరులో అచ్చుతప్పు దిద్దించుకోవాలన్నా విద్యార్థి మూడు ఊళ్లూ తిరగాల్సిందే. దీనివల్ల యువతకు స్థానిక భౌగోళిక పరిజ్ఞానం మెరుగవుతోందని వార్షిక నివేదికలో రాసుకున్నారు.

కల్పన కష్టం మాత్రం భూగోళంతో తీరేది కాదు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే చాలు, ఆమె తరగతి గది ఖాళీ అయిపోతుంది. నడిగూడెం నుంచి, గరిడేపల్లి నుంచి, హుజూర్‌నగర్ పక్కపల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలంతా నాట్లలో ఉంటారు. పుస్తకంలో వరి వేరు బొమ్మ తెరిచిన పేజీలోనే మిగిలిపోతుంది, దాన్ని చూడవలసినవాళ్లు అసలు వేరును చేత్తో పట్టుకుని మోకాటి లోతు బురదలో నిలబడి ఉంటారు. అందుచేత వృక్షశాస్త్రంలో కోదాడ వరసగా తప్పుతోంది. ఈసారి కూడా సగంమంది పాసు కాకపోతే ఆ విభాగాన్ని సూర్యాపేటలో 'గౌరవప్రదంగా విలీనం' చేస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

విలీనమంటే ఏమిటో ఉత్తర్వు చదివినవాళ్ల కంటే నడిగూడెంలో గొర్లు కాసుకునే బక్కమ్మకు బాగా అర్థమైంది. ఆమె కూతురు త్రివేణి కల్పన దగ్గరే చదువుతోంది.

"కోదాడ అంటె పొద్దున పోయి మాపటికి వస్తది మేడం. సూర్యాపేట అంటె ఎప్పుడు పోవాలె, ఎప్పుడు రావాలె? గాడికైతె నేను పంప," అని ఒకనాడు కాలేజీ దాకా వచ్చి చెప్పి వెళ్లింది. అలాంటి బక్కమ్మలు ఊరికొకరు ఉన్నారు. విభాగం పోతే కల్పన ఉద్యోగం ఎలాగూ పోతుంది, దాంతోపాటు ఈ పిల్లల చదువూ పోతుంది. ఆ రెండో సంగతే ఆమెకు అన్నం సహించనివ్వలేదు.

అప్పుడు కంప్యూటర్ గదిని, దాని ఏసీని చూసుకునే సాంసన్ ఒక ఉపాయం చెప్పాడు. పాఠాలు చెప్పడానికని ప్రపంచంలో ఎవరో మంచివాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే వదిలేశారు. ఎవరైనా వాడుకోవచ్చు. లోపల ఏం రాశారో చూడొచ్చు, మనకు తగినట్టు మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, చేతులు కట్టుకుని ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు. "మీరు పాఠం తీసివ్వండి మేడం, నేను ఎక్కిస్తా. నాటు నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక ఫోన్లో చూసుకుంటారు," అన్నాడు.

కల్పన ఆ నెలంతా సెలవురోజు ఎరగలేదు. పొలం గట్ల మీద తిరిగి తుంగ, ఊద లాంటి కలుపు మొక్కలను, పచ్చి నారును ఫోన్‌తో తీసింది. మొలకెత్తిన వడ్లగింజను బ్లేడుతో చీల్చి, లోపలేముందో తెలుగులో, అమ్మ వంట చెప్పినంత తేలిగ్గా చెప్పింది. పాఠాలన్నీ ఎక్కాయి, వాటి వెనకే మిగతా సబ్జెక్టులవాళ్లవీ ఎక్కాయి. ఇక విశ్వవిద్యాలయం ఊఁ అనడమే తరువాయి. ఊఁ అనడానికి విశ్వవిద్యాలయం ఒక ఉన్నతస్థాయి సమావేశం పెట్టింది.

"ఉచితమా?" అని ఉపకులపతి గారు కళ్లద్దాలు తీశారు. "మరి టెండరు ఎలా పిలవాలి? ప్రారంభోత్సవానికి కంపెనీ తరఫున ఎవరొస్తారు? పూలగుచ్ఛం ఎవరికివ్వాలి?"

"రేపు చెడిపోతే ఎవరి మీద కేసు వేస్తాం?" అన్నారు పరీక్షల నియంత్రణాధికారి నాగేందర్ గారు.

"చెడిపోతే మనమే బాగుచేసుకోవచ్చు సార్," అన్నాడు సాంసన్.

చెడిపోయినదాన్ని బాగుచేసుకోవడమనే పద్ధతి ఆ సంస్థలో అంతకుముందు లేదు. అమ్మేవాడు లేని వస్తువు, కాపలావాడు లేని వస్తువు, రసీదు లేని వస్తువు విశ్వవిద్యాలయం గడప తొక్కడం అదే మొదలు. దానికేదో ఒక కట్టుదిట్టం చేయనిదే నిద్రపట్టదని అందరూ ఏకగ్రీవంగా భావించారు.

కట్టుదిట్టం నాగేందర్ గారు చెప్పారు. ఆయన ఉద్యోగ జీవితమంతా ప్రశ్నపత్రాల పెట్టెల పక్కన గడిచింది. ఆయన దృష్టిలో పాఠానికీ ప్రశ్నపత్రానికీ పెద్ద తేడా లేదు, రెండూ విద్యార్థి కంటపడకుండా చూడవలసినవే. కనుక ఆన్‌లైన్ వేదికకు పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని మూడు ముక్కలు చేయాలన్నారు. మొదటి ముక్క సూర్యాపేటలో ఉపకులపతి గారి దగ్గర, రెండో ముక్క మిర్యాలగూడలో తన దగ్గర, మూడో ముక్క కోదాడలో సాంసన్ దగ్గర ఉండాలి. ముక్కలను లక్క ముద్ర వేసిన కవర్లలో దాచాలి. వేదికను తెరవాలంటే ముగ్గురూ కోదాడలో స్వయంగా హాజరై, ఒకరి ముక్క ఇంకొకరు చూడకుండా తలతిప్పుకుని, వరసగా కొట్టాలి. ఫోన్లో చెప్పడం నిషిద్ధం. మూడు ఊళ్లకూ సమాన ప్రాధాన్యం దక్కింది కాబట్టి స్థానికులు కూడా సంతోషించారు.

ప్రారంభోత్సవం సూర్యాపేటలో ఘనంగా జరిగింది. లాప్‌టాప్‌కు ఎర్ర రిబ్బను చుట్టారు. కత్తెరను ఫ్లెక్సీలు కట్టేవాళ్లు పట్టుకుపోవడంతో రిబ్బను తెగలేదు, రిబ్బను తెగనందున లాప్‌టాప్ తెరుచుకోలేదు. అయినా ఉపన్యాసాలు ఆగలేదు. "నేటితో జ్ఞానానికి సంకెళ్లు తెగిపోయాయి!" అని ఉపకులపతి గారు గర్జించగా, రిబ్బను చుట్టిన లాప్‌టాప్‌ను అలాగే ఫొటో తీసి పత్రికలకు పంపారు.

ఆ తర్వాత వేదిక తెరిచిన సందర్భాలు లేకపోలేదు. సూర్యాపేట కారు, మిర్యాలగూడ కారు కోదాడకు వచ్చేవి. ముగ్గురూ తలలు తిప్పుకుని పాస్‌వర్డ్ కొట్టేవారు. వేదిక తెరుచుకునేది. శుభమని అందరూ బయటికెళ్లి బిర్యానీ తినివచ్చేసరికి, ఎవరూ వాడడంలేదని అది తనంతట తానే మూసుకునేది. అది తెరుచుకునే వేళ ఎప్పుడో విద్యార్థులకు తెలియడానికి నోటీసు పెట్టేవారు. ఆ నోటీసు సూర్యాపేట కార్యాలయం బోర్డు మీద ఉండేది. అదిగో, ఆ పద్ధతిలో రెండు నెలలు నడిపినందుకే మొదట చెప్పిన శాలువా.

శాలువా వేడి తగ్గకముందే వెళ్లి అడగాలని సాంసన్ సలహా ఇచ్చాడు. కల్పన సూర్యాపేట వెళ్లి, ఉపకులపతి గారి గది బయట సగం పూట కూర్చుని, చివరికి లోపలికి వెళ్లింది.

"సార్, పరీక్షలు దగ్గరపడ్డాయి. పిల్లలు ఒక్క పాఠం కూడా చూడలేదు. వృక్షశాస్త్రానికి తాళం తీసేయండి సార్. అందులో దాచాల్సింది ఏముంది? వడ్లగింజ, గడ్డి, నాచు."

ఉపకులపతి గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మా కల్పన గారూ! జ్ఞానమన్నది అగ్ని వంటిది. అందరి చేతికీ ఇస్తే కాలుతుంది. అయితే నేను ప్రగతిశీలిని. నాచు విషయంలో నష్టభయం తక్కువని భావిస్తున్నాను. ప్రయోగాత్మకంగా మీ ఒక్క సబ్జెక్టు తెరవండి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కల్పన చిన్నపిల్లలా మురిసిపోయింది. ఆ సాయంత్రమే తాళం తీశారు. పాస్‌వర్డ్ లేదు, ముక్కల్లేవు. ఏ ఫోన్లో నొక్కినా పాఠం వస్తుంది. లింకును పిల్లలందరికీ పంపి, ఇక రేపటినుంచి ప్రశ్నలతో తనను ఊపిరాడనివ్వరని ఆమె చాలా సంబరపడింది.

ఆమె ఊపిరి నిక్షేపంగా ఆడింది. ఒక్కరు కూడా చూడలేదు. వారం గడిచింది, నాట్లు ఎప్పుడో అయిపోయాయి, కోతలూ ముగిశాయి, అయినా చూసినవాళ్లు లేరు. ఉండబట్టలేక త్రివేణికి ఫోన్ చేసింది.

"ఏం త్రివేణీ, పాఠాలు చూడలేదా?"

"సూస్త మేడం. గవి యాడికి పోతయ్? ఊకెనే ఉంటయి గద, ఎప్పుడన్న సూడొచ్చు."

"ఎప్పుడన్నా అంటే పరీక్ష అయ్యాకా?"

"గట్ల కాదు మేడం... అందరికిచ్చిర్రు గద. అసలు మెటీరియల్ ఏరే ఉంటదంట. సూర్యాపేటోళ్లకు ఇచ్చిర్రంట. జర గది దొరికితె సూడుర్రి మేడం." పక్కనుంచి బక్కమ్మ గొంతు కూడా వినబడింది. "అవ్ మేడం, ఊకె వచ్చేదాంట్ల ఏముంటది?"

కల్పన ఫోన్ పెట్టేసింది. పిల్లల మీద కోపం వచ్చింది, తన మీద జాలి వేసింది. ఆ వేదికకు మూడు తాళాలు వేసినవాళ్లను ఇన్నాళ్లూ తిట్టుకుంది. ఇప్పుడు తాళం లేకపోవడమే తలుపు మూసినట్టయింది. మరుసటిరోజు ప్రాక్టికల్స్ అయ్యాక త్రివేణిని మైక్రోస్కోపుల బీరువా వెనక్కి పిలిచింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఇది లోపలి మెటీరియల్. నీకొక్కదానికే ఇస్తున్నా. ఎవ్వరికీ పంపొద్దు. పంపావంటే నా ఉద్యోగం పోద్ది."

అబద్ధం చెబుతుంటే ఆమె చెవులు వేడెక్కాయి. పిల్ల ఫోన్‌కు పంపింది అవే పాఠాలు, అదే వడ్లగింజ. త్రివేణి కళ్లు మాత్రం ఇంతయ్యాయి. "అమ్మతోడు మేడం, ఎవ్వలకు పంప," అని ఫోన్‌ను చున్నీలో చుట్టుకుని వెళ్లింది.

త్రివేణి మాట తప్పే పిల్ల కాదు. ఎవ్వరికీ పంపలేదు, తన ప్రాణస్నేహితురాలు పూజకు తప్ప. పూజ కూడా ఎవ్వరికీ పంపలేదు, మేనమామ కూతురికి తప్ప. ఇలా ఎవ్వరికీ పంపకుండానే అది బస్సు నడిగూడెం చేరేలోగా గరిడేపల్లి దాటింది. తెల్లారేసరికి హుజూర్‌నగర్ ఆటోల్లో వరి వేరు గురించి కల్పన గొంతు వినబడసాగింది. పిల్లలు కల్లంలో ధాన్యం ఆరబోస్తూ చూశారు, గొర్లను తోలుతూ చూశారు, కప్పుకున్న దుప్పటి కింద చూశారు. రేపు ఎవరైనా లాగేసుకుంటారేమోనని ఒక్కోటి రెండుసార్లు చూశారు. కామర్స్ పిల్లలు కూడా, తమకు ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా, దొరికింది వదలకూడదని చూశారు. మిర్యాలగూడ కాలేజీ లెక్చరర్ ఒకరు ఆ పాఠాలను కల్పనకే పంపి, 'మేడం, మీకు మాత్రమే. నా పేరు బయటపెట్టొద్దు,' అని రాశారు.

మూడోనాటికి విశ్వవిద్యాలయం ఉలిక్కిపడింది. లీకు! ఉపకులపతి గారు శాలువా తీసి బీరువాలో పెట్టి అత్యవసర సమావేశం పిలిచారు. నాగేందర్ గారికి మాత్రం ముఖంలో కొత్త కళ వచ్చింది. ఆయన ఇన్నాళ్లూ భయపడిందే జరిగింది, అంటే ఇన్నాళ్లూ భయపడడం సమంజసమేనని తేలింది. విచారణ కమిటీకి తానే అధ్యక్షుడై కోదాడ వచ్చి కల్పనను పిలిపించారు.

"ఈ పాఠాలు ఎవరివి?"

"నావే సార్."

"అసలు ఎక్కడుండాలి?"

"మన వేదికలో సార్. ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు."

"అందరూ చూడగలిగినదాన్ని రహస్యంగా ఎందుకిచ్చారు?"

"అందరూ చూసేట్టు పెడితే ఎవరూ చూడలేదు సార్."

నాగేందర్ గారు కలం కిందపెట్టారు. పోయిన వస్తువు ఉన్నచోటే ఉంది. పట్టుకుపోయినవాళ్లు దాని హక్కుదారులే. ఇచ్చినామె యజమాని. అయినా లీకు జరిగింది, అందులో సందేహం లేదు. ఇలాంటి నేరం ఏ నిబంధన కిందికి వస్తుందో కమిటీ రెండు పూటలు వెతికింది. కల్పన బయట బెంచీ మీద కూర్చుంది. ఉద్యోగం ఊడినా సరే, పరీక్ష మాత్రం రద్దు చేయకూడదని ఆమె ఆ రెండు పూటలూ దేవుణ్ణి వేడుకుంది.

కమిటీ ఒక కఠినమైన నిర్ణయానికి వచ్చింది. ఆమె మీద చర్యను పరీక్షా ఫలితాల దాకా వాయిదా వేశారు. విద్యార్థులు పాఠాలను ముందుగానే చూసేశారు కాబట్టి, వాళ్లకు అన్యాయంగా లాభం చేకూరకుండా ప్రశ్నపత్రం మొత్తం మార్చేయాలన్నారు. మార్చేశారు. పాఠం వచ్చినవాళ్లకు ప్రశ్న మారితే ఏమవుతుందో ఆ కమిటీలో ఎవరికీ అనుభవం లేదు.

కోదాడ వృక్షశాస్త్రంలో దాదాపు అందరూ పాసయ్యారు. త్రివేణి ఫోన్లో ఏడుస్తూ చెప్పింది, కల్పన ఏడుస్తూ విన్నది. విలీనం ఉత్తర్వు మర్యాదగా వెనక్కి వెళ్లింది, చర్య సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది మూడంచెల భద్రతా విధానం సాధించిన విజయమని ఉపకులపతి గారు విలేకరులతో చెప్పారు. కారిడార్‌లో కల్పన ఎదురుపడితే మాత్రం పక్కకు పిలిచి, "మిగతా సబ్జెక్టులవి కూడా కాస్త బయటికి పొక్కేలా చూడగలరా?" అని మెల్లగా అడిగారు.

పొక్కించడం పద్ధతి కాదు, పూర్తిగా తెరవడమే పద్ధతి అని కల్పన పట్టుబట్టింది. ఈసారి ఆమె మాటకు విలువ వచ్చింది. కొత్త విద్యాసంవత్సరంలో తాళాలు మూడూ తీసేశారు. అన్ని సబ్జెక్టులూ, అందరికీ, ఎప్పుడైనా. ఈ సంగతి మూడు ఊళ్లలో మైకు కట్టిన ఆటోలతో చాటింపు వేయించారు.

కాలువకు నీళ్లు వచ్చాయి. నాట్లు మొదలయ్యాయి. ఒకరోజు కల్పన ఏవో కాగితాలు తీయించుకోవడానికి కోదాడ బస్టాండు దగ్గర ధన్‌సింగ్ జిరాక్స్ షాపుకు వెళ్లింది. షాపు ముందు లైను రోడ్డు దాకా ఉంది. విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన పాఠాలను ధన్‌సింగ్ ఎవరిచేతో విని రాయించి, ముద్రించి, పైన 'లోపలి మెటీరియల్, అతి గోప్యం' అని అచ్చేసి, కాగితంలో చుట్టి బల్ల కిందినుంచి ఇస్తున్నాడు. లైన్లో ముందు బక్కమ్మ నిలబడి ఉంది. కూతురు నాటుకు పోయిందని తానే వచ్చిందట.

కల్పన ఆమె చేయి పట్టుకుంది. "అమ్మా, ఇదంతా త్రివేణి ఫోన్లోనే ఉంది. ఊరికే వస్తుంది. ఎందుకు కొంటున్నారు?"

బక్కమ్మ ఆ లెక్చరర్ వంక జాలిగా చూసింది. ఇంత చదివి ఈమెకు ఇది కూడా తెలియదే అన్నట్టు దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

"గది అందరి పిల్లలకు మేడం. గిది మా బిడ్డకు."

వెనకున్నవాళ్లు లైను కదలడం లేదని కేకలేశారు. కల్పన తిరిగి చూసింది. టీచర్లు, గుమాస్తాలు, డాక్టర్లు, పత్రికలవాళ్లు, పిల్లల్ని బాగా చదివించుకుంటున్న పెద్దమనుషులు. అందరూ మనకు తెలిసిన ముఖాలే, అందరూ ఆమె కంటపడకుండా తలలు తిప్పుకున్నారు.